సన్నగా సాగిన నారు

శివరాత్రికి చలి శివశివా యని పోవునని మన పెద్దలు చెప్పుదురు. కర్నూలు, కడప మండలములలో ఆ చలి తగ్గుటకును ఎండ ముదురుటకును నడుమ నున్న కొలది దినములే బావిక్రింద కూరగాయల నారు నాటుటకు అనువైనవి. అందులకై సంక్రాంతి ప్రాంతమున పోసిన నారు, తీరా నాటవలసిన వేళకు దారమువలె సన్ననై, పాలిపోయి, నీరు పోసినంతనే ఒరిగిపోవుట పలుతావుల చూచుచున్నాము. దీనిని మేమిచ్చట సాగిన నారు అని వ్యవహరింతుము. మన విద్యార్థులలో సేద్యగాండ్ర బిడ్డలు పెక్కురు గావున ఈ సంగతిని కొంత విపులముగా వ్రాయుచున్నాము.

చలిదేశములలో జనులు ఇంటిలోపల కిటికీయొద్ద నారు పెంచుదురు. అచ్చట వెలుతురు చాలక నారు సాగును. మనకు ఎండకు కొదువ యేమి యని పిల్లలు అడుగుదురు. మంచి ప్రశ్నయే. మన ఆకాశమున ఎండ కలదు గాని, మన నారుమడిలో లేదు. గింజలపై పరచిన వరిగడ్డిని మొలకెత్తిన పిమ్మటగూడ నాలుగు దినములు తీయకుందుము. లేతమొక్క వాడునను జాలిచే మడిని కానుగచెట్టు నీడన చేయుదుము. గింజలను పిడికిళ్లతో ఒత్తుగా చల్లుదుము. ఈ మూడింటిలో కడపటిదే మిక్కిలి చెరుపు చేయునది.

దీని కారణము తెలిసికొనదగినది. ఛార్లెస్ డార్విను తన కుమారుడు ఫ్రాన్సిసుతో కలసి 1880 లో ప్రకటించిన గ్రంథమున, గడ్డిమొలక కొనకు టోపీవంటిది తొడిగినచో అది వెలుతురువైపు వంగదని చూపెను. వెలుతురును కనిపెట్టునది కొన; వంగునది దాని క్రిందిభాగము. కొననుండి దిగి కాండమును సాగదీయు ఆక్సిను అను పదార్థమును హాలెండు శాస్త్రజ్ఞుడు వెంట్ 1928 లో వెల్లడించెను. తరువాత 1959 లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధకులు మొక్కలలో ఫైటోక్రోము అను మరియొక పదార్థమును కనుగొనిరి. పచ్చని ఆకు ఎఱ్ఱకాంతిని మ్రింగి, మన కంటికి సరిగా కానరాని దూరపు ఎఱ్ఱకాంతిని వెనుకకు విసరును. ప్రక్కమొక్కనుండి వచ్చు ఆ కాంతిని ఫైటోక్రోము గుర్తింపగానే, తన్ను ఇతరులు కప్పివేయుదురేమో యన్నట్లు మొక్క పైకి పరుగెత్తును. కావుననే నడియెండలోనున్న మడియైనను ఒత్తుగా నున్నచో నారు సాగును.

నమ్మనివారు రెండు కుండపెంకులలో ఉలవలు విత్తి, ఒకదానిని ఎండలో నుంచి, రెండవదానిపై బుట్ట బోర్లించి, వారము దినములు చూడవచ్చును. బుట్టక్రింది ఉలవయే పొడవుగా నుండును. దానినే బలమైనదని తలంచువారు దాని ఆకు రంగును కాడ లావును గూడ చూడవలెను.

ఇది కేవలము పాఠశాలతోటకు చెందిన ముచ్చట కాదు. జనవరి నడుమ పోసిన టమాటా నారును ఫిబ్రవరి నడుమ నాటినచో మార్చి మాసమున పూత వచ్చును. నారు చెడి మరల పోసినచో నెల గడచి, పూత ఏప్రిలునందు పడును. కర్నూలులో ఏప్రిల్, మే మాసములలో వేడిమి 40 డిగ్రీలు మించుట సాధారణము. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రియు చల్లబడకున్నచో టమాటా పూత కాయ కట్టక రాలును. బావిలో నీరును అప్పటికి అడుగంటును. పత్తికొండ ప్రాంతపు రైతునకు పిడికెడు విత్తనమే గాదు, ఆ కారంతయు పోయినట్లే.

మడిని జానెడు ఎత్తున, బారెడు మించని వెడల్పున చేసి, వ్రేలెడు దూరమున గీతలు గీచి అందు పలుచగా విత్తవలెను. మొదటి మొలక కన్పడిన సాయంకాలమే గడ్డి తీసివేయవలెను. రేపు తీయుదమను మాట వలదు. నీరు ఉదయమున పోయుట మేలు. ఒత్తుగా తడిసియున్న మడికి నారుకుళ్లుగూడ తోడగును. యూరియా వేసినచో నారు పచ్చబడును గాని మఱింత సాగును. నేడు నీడవలల క్రింద, ట్రేలలో కొబ్బరిపొట్టునందు పెంచిన నారును కొనువారు పెక్కురు. అట్టివారు నారుతలలపై అరచేతిని ఒకమారు నడిపింపవలెను. వెంటనే లేచి నిలుచునది మంచిది.

ఇక సాగినదానిని దక్కించుకొను విధము. సాగిన కాడ మరల కురుచగాదు. దానిని మన్నులో దాచుటయే ఉపాయము. ముందుగా అదనపు మొలకలను కత్తెరతో కత్తిరింపవలెను. పెరికినచో ప్రక్కవాని వేళ్లు కదలును. నీడలో పెరిగినదానిని ఒక్కసారిగా మధ్యాహ్నపుటెండకు తెచ్చినచో మాడిపోవును గావున, మొదటిదినము రెండుగంటల ఉదయపుటెండతో ఆరంభించి అయిదారు దినములలో అలవాటు చేయవలెను. దినమునకు పదిమార్లు నారుతలలపై మెత్తని గుడ్డను మెల్లగా నడిపినచో కాడ బలియును. గాలి చేయు పని యిదియే. తాకుడువలని యీ మార్పునకు 1973 లో జాఫీ యను శాస్త్రజ్ఞుడు ప్రత్యేకనామ మొసగెను.

నాటునపుడు టమాటా మనకు మిక్కిలి అనుకూలము. దాని కాడపొడవునను క్రొత్తవేళ్లు పుట్టును. క్రింది ఆకులు గిల్లి, చిన్నచాలులో కాడను ఏటవాలుగా పరుండబెట్టి, కొనను మాత్రము పైకి నిలిపి మన్ను కప్పవలెను. నల్లరేగడిలో నిలువులోతున పాతినచో నీరు నిలచి కుళ్లును. సాయంకాలమున నాటి, అప్పుడే నీరు పెట్టవలెను. వంగను కొంచెము లోతుగా నాటవచ్చును. మిరపను అట్లు పాతరాదు. కొనచిగురు గిల్లినచో ప్రక్కకొమ్మలు వచ్చును. నేలకు తగిలిన చోట నల్లబడి నొక్కుకొనిన కాడకు మాత్రము మందులేదు.

బీర, సొర, దోసల మాట వేరు. వాని వేళ్లు కదలించిన నోర్వవు. సాగిన మొలకను తీసివేసి, అదే పాదులో ఎండ తగులునట్లు మరి రెండు గింజలు పెట్టుట మేలు. అవి వారముదినములలో మొలచును.