రోగి మాట – వైద్యుని మాట

తూర్పు కనుమల నడుమనున్న కొయ్యూరు పేరు వినని తెలుగువారు అరుదు. మన్యమును మేల్కొలిపిన అల్లూరి సీతారామరాజు 1924వ సంవత్సరము మే 7వ తేదీన ప్రాణములర్పించిన స్థలమది. ఆ వీరుని పేరిట 2022లో ఏర్పడిన జిల్లాలో నేడు కొయ్యూరు ఒక మండలము. ఎటు చూచినను కొండలు, వాటి నడుమ గెడ్డలు, వాలులందు చిన్న చిన్న గూడెములు. బగతలు, కొండదొరలు మొదలగు గిరిజనులు అనాదిగా ఆ ప్రాంతములందు నివసించుచున్నారు.

పూర్వము మన్యమునకు బదిలీ యైనదని వినగానే మైదానపు ఉద్యోగుల గుండె జల్లుమనెడిది. వారిని భయపెట్టినది పులి కాదు, చలిజ్వరము. వారు దానికి 'మన్యపు జ్వరము' అని పేరు పెట్టిరి. 'మన్యపు నీరు పడలేదు' అని యొకరు, 'గాలి మంచిది కాదు' అని యొకరు చెప్పుకొనెడివారు. విచిత్రమేమనగా, దూరదేశమైన ఇటలీలోని ప్రజలును అట్లే తలచిరి. బురదనేలలపై నుండి వీచు చెడుగాలియే జ్వరమునకు మూలమని వారి నమ్మకము. వారి భాషలో 'మలేరియా' అనగా 'చెడుగాలి' అనియే అర్థము.

1880వ సంవత్సరమున లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు ఆ జీవినే అనాఫిలిస్ జాతి దోమ కడుపులో చూచెను. గాలి నిర్దోషియని, దోమయే ఈ జ్వరమును మోయుచున్నదని క్రమముగా తేటపడెను. అర్థము తప్పైనను పేరు మాత్రము నిలిచిపోయినది. కావున వైద్యశాస్త్రమున పేరును వల్లించుట చాలదు. ఆ పేరు నేడు దేనిని సూచించుచున్నదో తెలిసికొనవలెను.

కొండగూడెములలో ఈ జ్ఞానము పండితులకే పరిమితమైనచో ప్రయోజనము లేదు. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య పథకముతో 'ఆశ' కార్యకర్తలు గ్రామములలో పనికి వచ్చిరి. వారు ఆయా ఊళ్ళ స్త్రీలే. రోగి చెప్పినదానిని వైద్యునకు, వైద్యుడు చెప్పినదానిని రోగికి తెలియజెప్పుట వారి పనులలో ముఖ్యమైనది. అందుకై వారు రెండు భాషలు నేర్వవలసియున్నది. ఒకటి ఇంటి భాష. రెండవది ఆసుపత్రి భాష.

'జ్వరము' అను మాటనే తీసికొందము. ఇంటివారికి ఒళ్ళు కాలినచో జ్వరము. వైద్యునకు అది రోగము కాదు, రోగలక్షణము. మలేరియా, టైఫాయిడ్, డెంగ్యూ, న్యుమోనియా – అన్నిటియందును ఒళ్ళు కాలును. ఏ జ్వరమో తెలియుటకు రక్తపరీక్ష కావలెను. వ్రేలి కొననుండి తీసిన ఒక చుక్క రక్తముతో, పావుగంట నుండి ఇరువది నిముషముల లోపల మలేరియా ఉన్నదో లేదో చెప్పు పరికరములు నేడు గూడెములకే చేరుచున్నవి. ఆ పరీక్షలో 'పాజిటివ్' వచ్చెనని విని సంతసించువారు కలరు. పాజిటివ్ అనగా మంచిదని వారి తలంపు. పరీక్షల భాషలో పాజిటివ్ అనగా వెదకినది కనబడినదని అర్థము. మలేరియా కొరకు వెదకినపుడు పాజిటివ్ వచ్చినచో మలేరియా ఉన్నట్లు. ఈ ఒక్క మాట తప్పుగా గ్రహించి, మందు పుచ్చుకొనక ఇంటికి పోయినచో ప్రాణమునకే ముప్పు.

మలేరియాలోను భేదములు కలవు. మన దేశమున తరచు కనబడునవి 'వైవాక్స్', 'ఫాల్సిపారమ్' అను రెండు. ఫాల్సిపారమ్ ఒక్కొకప్పుడు మెదడునకు సోకును. అప్పుడు రోగి సంధి పలుకులు పలుకును, మనుష్యులను గుర్తింపజాలడు, మూర్ఛ పోవును. ఇంటివారు 'గాలి సోకినది' అని మంత్రగానికై వెదకుచు ఘడియలు పోగొట్టుకొందురు. వారు చూచిన లక్షణము సత్యమే. దానికి పెట్టిన పేరే తప్పు. 'ఉదయమునుండి సంధి పలుకులు పలుకుచున్నాడు' అను మాట వైద్యుని చెవిని పడినచో, అతడు క్షణము జాగు చేయడు.

వైవాక్స్ రీతి వేరు. దాని క్రిములు కొన్ని కాలేయములో దాగి నిద్రించును. వారములకో నెలలకో మేల్కొని మరల జ్వరము తెచ్చును. వైద్యులు దీనిని 'రిలాప్స్' అందురు. మన పెద్దలు ఎన్నడో 'జ్వరము తిరుగబెట్టినది' అని దీనికి చక్కని మాట చెప్పియుండిరి. కారణము మాత్రము వారికి తెలియదు. కారణము తెలిసిన ఆశ కార్యకర్త రోగితో ఇట్లు చెప్పగలదు: "మూడు దినములకు జ్వరము తగ్గును. అయినను కాలేయములో దాగిన క్రిములు చావవలెనన్న ప్రైమాక్విన్ మాత్రలు పదునాలుగు దినములును వేసికొనవలెను." ఈ మాత్రలు గర్భిణులకును చంటిబిడ్డలకును ఇయ్యరాదు. కావున ఎవరికి ఏ మందో వైద్య సిబ్బందియే నిర్ణయింపవలెను.

పసిబిడ్డల రోగములందు తల్లి మాట మరింత విలువైనది. 'బిడ్డకు డొక్కలు ఎగురుచున్నవి' అని తల్లి చెప్పినచో, ఊపిరి తీయునపుడు రొమ్ము క్రిందిభాగము లోపలికి పోవుచున్నదని వైద్యుడు గ్రహించును. అది న్యుమోనియా తీవ్రతకు గుర్తు కావచ్చును. అపుడు శ్వాసలను నిండు నిముషము లెక్కింపవలెను. రెండు నెలల లోపు శిశువునకు 60, రెండు నెలలు మొదలు ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు 40 – అంతకు చేరినను మించినను అది వేగశ్వాస. తల్లి కంటితో చూచినదానిని అంకె నిర్ధారించును.

వైద్యుల మాటలు వినుటకు కఠినములైనను, విడదీసి చూచినచో సులభములు. వానిలో పెక్కు గ్రీకు, లాటిన్ భాషలనుండి వచ్చినవి. 'ఐటిస్' అని ముగియు మాట వాపును తెలుపును. టాన్సిలైటిస్ అనగా గొంతులోని టాన్సిల్ గ్రంథుల వాపు. హెపటైటిస్ అనగా కాలేయపు వాపు. 'అనీమియా' అను గ్రీకు మాటకు రక్తము లేకపోవుట అని అర్థము. 'ఒంటిలో రక్తము లేదు' అని మన ఊళ్ళలో అనుమాటయు అదియే గదా! గర్భిణికి రక్తములో హిమోగ్లోబిన్ డెసిలీటరునకు 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత. 7 గ్రాములకు తగ్గినచో తీవ్రమైన రక్తహీనత. అట్టి తల్లికి కాన్పు సమయమున ఆపద వాటిల్లవచ్చును.

కొన్ని జంటమాటలయందు ఒక్క అక్షరము మారినను అర్థము తలక్రిందులగును. 'హైపర్' అనగా అధికము, 'హైపో' అనగా అల్పము. హైపర్ గ్లైసీమియా అనగా రక్తమున చక్కెర పెరుగుట. హైపోగ్లైసీమియా అనగా చక్కెర పడిపోవుట. చక్కెర పడిపోయినవానికి, స్పృహ ఉన్నచో, వెంటనే తీపి ఇచ్చి కాపాడుదురు. పెరిగినవానికి అదే తీపి హాని చేయును. అట్లే 'బీపీ వచ్చినది' అను వాడుకయు సరికాదు. బీపీ అనగా రక్తపు పోటు. జీవించియున్న ప్రతి మనుష్యునకు అది యుండును. అది మితిమీరి పెరిగినపుడే రోగము.

మందుచీటిలోని గుర్తులును తెలిసికొనదగినవే. 'ఓ.డి.' అనగా దినమునకు ఒకమారు, 'బి.డి.' అనగా రెండుమార్లు, 'టి.డి.ఎస్.' అనగా మూడుమార్లు. అయితే కంటివైద్యుని చీటిలో ఓ.డి. అనగా కుడికన్ను! కావున సందేహము కలిగినపుడు అడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. కొందరు వైద్యులు 1–0–1 అని వ్రాయుదురు. ఉదయము ఒకటి, మధ్యాహ్నము లేదు, రాత్రి ఒకటి అని దాని భావము. చదువురానివారికి ఇది సుబోధము.

రహదారి లేని గూడెము నుండి రోగిని డోలీలో మోసికొని వచ్చుట మన్యమున నేటికిని కనబడు దృశ్యము. అట్టిచోట మాట రోగికన్న ముందు ఆసుపత్రికి చేరగలదు. ఒక గూడెమున బాలునకు జ్వరము వచ్చెననుకొందము. '108'కు ఫోను చేసి 'పిల్లవానికి బాగులేదు' అని చెప్పిన, వినువారికి తెలియునది స్వల్పము. 'ఎనిమిదేండ్ల బాలుడు, మూడు దినములుగా చలిజ్వరము, ఉదయమునుండి సంధి పలుకులు, త్రాగిన నీరు నిలుచుట లేదు, రాత్రినుండి మూత్రము రాలేదు, పరీక్షలో ఫాల్సిపారమ్ పాజిటివ్' అని చెప్పినచో, డోలీ రోడ్డునకు చేరులోపల వాహనము వచ్చును, ఆసుపత్రిలో మందు సిద్ధమగును. ఈ వాక్యములలో కఠినపదములు రెండే. మిగిలినవన్నియు తల్లి నోటి మాటలు. ఆ రెండును ఈ మాటలును కలిసినపుడే బాలుని ప్రాణమునకు రక్షణ.

కావున వైద్యపదములు నేర్చుట ఇతరులను అబ్బురపరచుటకు కాదు. రోగిని భయపెట్టుటకు కఠినపదము పలుకువాడు దానిని నేర్వనివానితో సమానుడు. నేర్చినవాడు దానిని రోగికి తెలిసిన మాటలోనికి మార్చి చెప్పును. చెప్పిన పిదప రోగిచేత మరల చెప్పించును. "తల్లీ, ఈ మాత్రలు బిడ్డకు ఎట్లు వేసెదవో ఒకమారు చెప్పు" అని ఆశ కార్యకర్త అడుగును. తల్లి తన మాటలలో తడబాటు లేక చెప్పినపుడే ఆమె పని ముగిసినట్లు.

ప్రశ్నలు

1. 'మలేరియా' అను పేరునకు మొదటి అర్థమేమి? అది ఎట్లు తప్పని తేలినది?
2. వైవాక్స్ జ్వరము తగ్గిన పిదపకూడ మాత్రలు ఏల మానరాదు?
3. 'హైపర్', 'హైపో' అను మాటల భేదము తెలియనిచో కలుగు హాని యెట్టిది?
4. మీ ఇంటి పెద్దలు రోగములను గూర్చి వాడు మాటలు అయిదు సేకరించి, వాని అర్థములను మీ ఊరి ఆరోగ్య కార్యకర్తనడిగి వ్రాయుడు.