మిస్వాక్, వేపపుల్ల, లవంగ నూనె

నోటి శుభ్రతకు ఇస్లాం ఇచ్చిన స్థానం పాఠకులకు తెలిసిందే. తన సముదాయానికి భారమవుతుందన్న జాలి లేకుంటే, ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆదేశించేవారమని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అయితే ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి అంచు వరకు ఉన్న మన ఇళ్ళల్లో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. హాజీలు తెచ్చిచ్చిన మిస్వాక్ అయిపోతే, ఇక్కడి వేపపుల్లతో, కానుగపుల్లతో సున్నత్ నెరవేరుతుందా?

నెరవేరుతుంది. అరబ్బుల మిస్వాక్ 'అరాక్' చెట్టుది. ఉర్దూలో పీలూ అంటారు. అది ఉత్తమమే కాని, అదే ఉండాలన్న షరతు లేదు. చిగుళ్ళకు హాని చేయని చేదు పుల్ల ఏదైనా సరిపోతుందని హనఫీ ఫుఖహాలు చెప్పారు. చిటికెన వేలంత లావు, జానెడు పొడవు మేలన్నారు. దానిమ్మ పుల్ల వద్దన్నారు.

ఇక పుప్పి పన్ను సంగతి. పంటిలో పురుగు ఉంటుందని, దాన్ని తీస్తామని సంతల్లో తిరిగేవారి మాట వట్టి మోసం. అసలు కారణం కంటికి కనిపించని బ్యాక్టీరియా. వీటిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త గుర్తించాడు. మనం తిన్న తీపిని అది ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల ముందుపళ్ళు నల్లబడేది ఇందుకే.

అరాక్ వేరులో ఘాటైన సహజ నూనె ఒకటుంది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2011లో దాన్ని పరీక్షించారు. చిగుళ్ళ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాను అది వేగంగా చంపింది. కాని మ్యూటాన్స్ చేరిన రెండో తరగతి బ్యాక్టీరియాపై ప్రభావం చాలా తక్కువ. మిస్వాక్ ఘనత చెప్పేటప్పుడు మన వక్తలు ఈ రెండో సగం వదిలేస్తారు, అది సరికాదు. సున్నత్‌కు అతిశయోక్తి అవసరం లేదు.

నువ్వుల నూనె పుక్కిలిస్తే మ్యూటాన్స్ తగ్గినట్లు 2008లో తమిళనాడు దంతవైద్యులు గమనించారు. పరీక్షించింది 20 మంది బాలురనే, అదీ రెండు వారాలే. కనుక బ్రష్‌కు తోడుగా చేయవచ్చు, బదులుగా కాదు. పుక్కిలించిన నూనె మింగకుండా ఉమ్మేయాలి.

లవంగ నూనెలోని యూజెనాల్ బ్యాక్టీరియాను అణచుతుంది, నొప్పిని మొద్దుబారుస్తుంది. ప్రమాదమంతా ఇక్కడే! నొప్పి తగ్గింది కదా అని పట్నం ప్రయాణం వాయిదా వేస్తారు. లోపల చీము దవడకు పాకుతుంది. పంటికి పడిన రంధ్రాన్ని ఏ నూనే పూడ్చలేదు. దవడ వాచినా, జ్వరం వచ్చినా ఆ రోజే దంతవైద్యుణ్ణి కలవాలి. చిక్కటి లవంగ నూనె చిగుళ్ళను కాలుస్తుంది. పసిపిల్లలు మింగితే కాలేయం దెబ్బతింటుంది. వేపపుల్ల నమలడం వేరు, వేప నూనె తాగించడం వేరు: వేప నూనె పట్టించిన పసివాళ్ళకు మూర్ఛలు వచ్చి ప్రాణాలు పోయిన ఉదంతాలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. కానుగ నూనె దీపానికీ చర్మానికీ పనికొస్తుందే తప్ప నోటికి కాదు.

రమజానులో పచ్చి పుల్లైనా, ఎండు పుల్లైనా హనఫీల ప్రకారం రోజంతా వాడవచ్చు. షాఫిఈల వద్ద మధ్యాహ్నం తర్వాత మక్రూహ్. లవంగ నూనె అవసరం లేకుండా పెట్టుకోవడం మక్రూహ్. అది గొంతు దిగితే రోజా భంగమవుతుంది. సహ్రీకి ముందో, ఇఫ్తార్ తర్వాతో పెట్టుకోవాలి. భరించలేని జబ్బయితే రోజా వదిలి, తర్వాత ఖజా చేసుకునే అనుమతిని ఖుర్ఆన్ (2:185) రోగికి ఇచ్చింది.