అచ్చులో నలుపు

నలుపు మనకు క్రొత్త కాదు. ఆముదపు దీపముపై పళ్లెము బోర్లించి, పట్టిన మసిని నేతితోనో ఆముదముతోనో మెదిపి కాటుక చేయుట మన యిండ్లలో పూర్వమునుండి కలదు. తాటాకుపై గంటముతో గీచిన అక్షరములు మసి రుద్దిన పిదపనే కంటికి తెల్లముగా కనబడెడివి. నేటి అచ్చుసిరాకును మూలము మసియే. నూనెలను అరకొరగా మండించి తీసిన మెత్తని మసిని వార్నీషులో నూఱి యీ సిరాను చేయుదురు.

అయినను నల్లసిరా పూసిన పుట ఒక్కొక్కప్పుడు బూడిదరంగుగా కనబడుట యేల? నలుపనగా వెలుగును మ్రింగుట. అచ్చు పనివారు ఈ గుణమును సాంద్రత యను సంఖ్యతో కొలుతురు. సాంద్రత 1 అయినచో తిరిగివచ్చు వెలుగు పదవ వంతు. 2 అయినచో నూఱవ వంతు. వార్తాపత్రికలోని నలుపు సుమారు 1.1, నున్నని పూతకాగితముపై అది 1.7 వఱకు పోవును. అనగా మొదటిదానినుండి నూటికి 8 పాళ్లు, రెండవదానినుండి 2 పాళ్లు వెలుగు మరలివచ్చును. గరుకు కాగితము సిరాను పీల్చుకొనుటయే యీ భేదమునకు ముఖ్యకారణము.

మఱింత సిరా పోసిన చాలదా? చాలదు. మందముగా పడిన సిరా త్వరగా ఆరదు. పైకాగితము వెనుకకు అంటుకొనును. కావున నాలుగురంగుల అచ్చులో అట్టకు గాఢమైన నలుపు కావలసినచో, నల్లసిరా 100 పాళ్లకు తోడుగా నీలము 40 పాళ్లు వేయుదురు. నాలుగు సిరాలను నూఱేసి పాళ్లు వేసినచో 400 అగును. పూతకాగితము సుమారు 300, వార్తాపత్రిక కాగితము సుమారు 240 మాత్రమే తాళును.

అట్టకు మేలైన యీ ఉపాయము అక్షరమునకు కీడు. నాలుగు పలకలలో ఒకటి వెండ్రుకవాసి జరిగినను అక్షరపుటంచున రంగునీడ పడును. ‘ధ’కారమునకు ‘థ’కారమునకు నడుమ నున్న భేదము ఒక చుక్క! ఆ చుక్క పూడినచో అర్థమే మాఱును. కాబట్టి పాఠమును నల్లసిరా ఒక్కదానితోనే అచ్చువేయవలయును. గాఢమైన నలుపులో తెల్లని అక్షరములు చెక్కునప్పుడు అవి పెద్దవిగా, లావుగా ఉండవలయును.

ఈ జాగ్రత్త మనకు మఱింత అవసరము. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును 10వ తరగతివఱకు క్రమముగా తప్పనిసరి పాఠ్యము చేసినది. తమిళమును శ్రద్ధతో నేర్వవలసినదే. కాని తుంబలహళ్లి వంటి యూరి బిడ్డకు చేతికందు తెలుగు పుటలు కొలదియే. ఆ కొలది పుటలలో అక్షరము మసకబారినచో బిడ్డ దానిని తప్పుగా నేర్చును. కావున శివకాశికైనను, మఱియొక చోటికైనను సంచికను పంపువారు, అచ్చువేయబోవు కాగితముపైననే నమూనా తీయించి చూడవలెనని మా మనవి.

విద్యార్థులారా! ఒక వార్తాపత్రికను, ఒక రంగుల అట్టను ప్రక్కప్రక్కన ఉంచి భూతద్దముతో పరిశీలింపుడు. ఏ నలుపు ఒంటరిదో, ఏది తోడు గలదో అంచులే చెప్పును.