పేరుకు ముందు ఉండే మాట

పెళ్లిపత్రికల్లో పేర్లు, వరసల గురించి పోయిన నెల రాశాక తిరువళ్లూరు, తిరుత్తణి వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో సగానికి పైగా మిలిటరీవాళ్ల హోదాల మీదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయికి కుదిరిన అబ్బాయి తండ్రి సైన్యంలో నాయబ్ సుబేదార్‌గా రిటైరయ్యారు. శుభలేఖలో ఆ హోదా వేయాలని మా కోరిక. ప్రెస్సాయన 'ఉత్త సుబేదార్ అని వేద్దాం, నిండుగా ఉంటుంది' అంటున్నాడు. మా బావమరిదేమో రిటైరయ్యాక హోదా వేసుకోవడం చట్టానికి విరుద్ధమంటున్నాడు. ఎదురుపడితే ఏమని పిలవాలో కూడా తెలియడం లేదు.
— ఒక తండ్రి, తిరుత్తణి

జవాబు: ముందు మీ బావమరిది భయం తీరుద్దాం. ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదని రాజ్యాంగం 18వ అధికరణ చెబుతుంది. ఆ వాక్యంలోనే సైనిక, విద్యా సంబంధమైనవాటిని మినహాయించింది. పద్మ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని 1995 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, సైనిక హోదాకు ఆ అడ్డు లేదు. హోదా పేరుకు ముందు రావాలి, రిటైర్డ్ అన్న మాట పేరు తర్వాత రావాలి: 'నాయబ్ సుబేదార్ ఫలానా (రిటైర్డ్)'. రిటైరయ్యేది మనిషే, హోదా కాదు అంటారు సైన్యంలో. అందుకే 'రిటైర్డ్ నాయబ్ సుబేదార్' అని మొదలుపెట్టరు.

ప్రెస్సాయన మాట మాత్రం వినకండి. నాయబ్ అంటే ఉప అని అర్థం. ఆ మాట తీసేస్తే ఆయనకు లేని పై హోదా అంటగట్టినట్టవుతుంది. సిపాయిగా చేరినవాడు లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ మెట్లు ఒక్కొక్కటే ఎక్కాలి. చేతి మీద ఒకటి, రెండు, మూడు పట్టీలు వస్తాయి. చాలామంది హవల్దార్‌గానే ఇంటికొచ్చేస్తారు. ఆ మెట్టు దాటినవాళ్లకు పట్టీలు పోయి భుజం మీద నక్షత్రం వస్తుంది, దాని కింద ఒక రంగుల పట్టె ఉంటుంది. అదే నాయబ్ సుబేదార్. 1965 దాకా ఈ హోదాను జమాదార్ అనేవారు. దానిపైన రెండు నక్షత్రాల సుబేదార్, ఆపైన సుబేదార్ మేజర్. ఈ ముగ్గురూ జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు. వీళ్లకు కమిషన్ వచ్చేది రాష్ట్రపతి పేరిట. 1962 నుంచి 1967 వరకు ఆ స్థానంలో ఉన్నది మీ తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే. ఆ ఐదేళ్లలో జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లయినవాళ్లందరూ మీ ఊరి బిడ్డ పేరిట కమిషన్ పొందినవాళ్లు.

మీ వియ్యంకుడి పల్టన్ స్నేహితులు పెళ్లికి తప్పకుండా వస్తారు. శుభలేఖలో ఒక మెట్టు ఎక్కువ కనిపిస్తే వాళ్ల ముందు తల దించుకోవలసింది ప్రెస్సాయన కాదు, ఆయన. చాలా ఏళ్ల క్రితం ఒక సభలో నేనే ఒక హవల్దార్ గారిని గౌరవించాలన్న తొందరలో 'కెప్టెన్ గారు' అని పరిచయం చేశాను. ఆయన మైకు దగ్గరికొచ్చి 'నేను హవల్దార్‌ని' అని ఒక్క మాట చెప్పి కూర్చున్నారు. ఇరవై ఏళ్ల చాకిరీతో సంపాదించుకున్న మాటను ఆయన దగ్గర్నుంచి తీసేసి, ఎవరిదో మరో మాట చేతిలో పెట్టానని అప్పుడు అర్థమైంది. ఆ తప్పు ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇక పిలుపు. యూనిట్లో జవాన్లే కాదు, పెద్ద ఆఫీసర్లు సైతం సుబేదార్లను 'సాబ్' అని పిలుస్తారు. ఆ 'సాబ్' చేసే పని మన భాషలో 'గారు' చేస్తుంది. ఊళ్లోవాళ్లు 'నాయబ్ సుబేదార్ గారూ' అంటే చక్కగా ఉంటుంది. మీరు మాత్రం అలా పిలవకండి. మీకు ఆయన 'బావగారు'. హోదా శుభలేఖలో ఉంటుంది, వరస నోట్లో ఉంటుంది.

ప్రశ్న: మా బడిలో జనవరి 26 జెండా వందనానికి సెలవు మీద వచ్చిన ఒక లాన్స్ నాయక్‌ను పిలిచాం. ఆహ్వానంలో 'శ్రీ నాయక్ గారు' అని పడింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. మేం చేసిన తప్పేమిటి? పిల్లలు ఆయనకు సెల్యూట్ చేయొచ్చా?
— ఒక ఉపాధ్యాయిని, పళ్లిపట్టు

జవాబు: హోదాను ఇంటిపేరు చేశారు. నాయక్ అంటే నాయకుడే. మన భాషలోనూ ఉన్న మాట కావడం వల్లే ఈ తడబాటు. రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు చనిపోయినవాళ్లలో అప్పటి చిత్తూరు జిల్లా బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నాడు. ఆయన పేరు ముందున్నది హోదా. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలిచ్చిన శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా యువకుడు మురళీ నాయక్. ఆయన పేరు చివరున్నది పుట్టుకతో వచ్చిన మాట. ఆయన సైన్యంలో అగ్నివీర్. ఇద్దరి గురించీ పిల్లలకు చెప్పండి. ఆ రెండు పేర్లూ తెలిసిన పిల్లలు ఇక ఈ పొరపాటు చేయరు.

రాసేటప్పుడు 'లాన్స్ నాయక్' అని పూర్తిగా రాసి, పక్కన పేరు వేయండి. వేదిక మీద మొదటిసారి హోదాతో పరిచయం చేసి, తర్వాత పేరుకు 'గారు' చేర్చి పిలవండి. వయసులో మీకంటే చిన్నవాడైనా సభలో 'మీరు' అనే అనాలి. సభ ముగిశాక ఆయన మీ పాత విద్యార్థి అని తేలితే, అప్పుడు 'ఏరా' అన్నా ఆయనకు సంతోషమే.

సెల్యూట్ యూనిఫాంవాళ్ల మధ్య నడిచే పద్ధతి, దానికి నియమాలున్నాయి. పిల్లలు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టినా, 'జై హింద్' అన్నా సరిపోతుంది.

ప్రశ్న: మా అన్న కొడుకు ట్యాంకుల రెజిమెంటులో ఉన్నాడు. ఈమధ్య దఫేదార్ అయ్యాడు. చుట్టాలకు చెబితే 'తిరువళ్లూరు కలెక్టరాఫీసుకు మార్చారా?' అని అడుగుతున్నారు. వాడు చిన్నబుచ్చుకున్నాడు.
— ఒక బాబాయి, తిరువళ్లూరు

జవాబు: ఆ అబ్బాయి బాధ నాకర్థమైంది. చుట్టాల తప్పు కూడా లేదు. మన వైపు దఫేదార్ అనగానే డవాలీ వేసుకుని కలెక్టర్‌కు ముందు నడిచే ఉద్యోగి గుర్తొస్తాడు. ఆ ఉద్యోగమూ గౌరవమైనదే, కానీ అది వేరు. ఒకప్పుడు గుర్రపు దళాలుగా ఉండి తర్వాత ట్యాంకులెక్కిన రెజిమెంట్లు తమ పాత మాటలను వదులుకోలేదు. వాళ్లలో సిపాయిని సవార్ అంటారు, హవల్దార్‌కు సమానమైనవాడు దఫేదార్, సుబేదార్‌కు సమానమైనవాడు రిసాల్దార్. కాబట్టి చుట్టాలకు ఇలా చెప్పండి: 'వాడికి మూడు పట్టీలొచ్చాయి, పదాతిదళంలో అయితే హవల్దార్ అనేవాళ్లు.' అప్పుడు అందరికీ తెలిసిపోతుంది.

ఇలాంటి తేడాలు సిపాయి స్థాయిలో ఇంకా ఎక్కువ. శతఘ్ని దళంలో గన్నర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, ఇంజినీర్లలో సాపర్. బెంగళూరులో కేంద్రమున్న మద్రాసు సాపర్లకు సైన్యంలో 'తంబి' అనే ముద్దుపేరు ఉంది. తమ్ముడనే మన పక్కింటి పిలుపే వాళ్లకు గుర్తింపైంది. మీ వాడిని ఇంట్లో ఎప్పట్లాగే పిలవండి. కానీ నలుగురిలో ఒక్కసారి 'మా దఫేదార్' అని గట్టిగా అనండి. మీ నోటినుంచి ఆ మాట వినాలని వాడికి ఉంటుంది.

ప్రశ్న: మా వీధిలో ఒకాయన సుబేదార్ మేజర్, ఇంకొకాయన ఆనరరీ కెప్టెన్, మూడో ఆయన ఆవడిలో సీఆర్‌పీఎఫ్ హెడ్ కానిస్టేబుల్. ముగ్గురినీ 'మేజర్ గారు' అంటే పోదా?
— ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: పోదు. మేజర్ అన్నది ఆఫీసర్ల హోదా. సుబేదార్ మేజర్‌ను 'సుబేదార్ మేజర్ గారు' అనే పిలవాలి. పల్టన్‌లో జవాన్ల వరుసలోంచి ఎదిగినవాళ్లలో ఆయనదే పై స్థానం, ఆ మాటలో ఏదీ తగ్గించక్కర్లేదు. రెండో ఆయనకు దీర్ఘసేవకు గుర్తింపుగా గణతంత్ర దినానికో, స్వాతంత్ర్య దినానికో ఆ గౌరవ హోదా ఇచ్చి ఉంటారు. నోటితో 'కెప్టెన్ గారు' అనండి, రాతలో 'ఆనరరీ కెప్టెన్' అని పూర్తిగా రాయండి. 1987లో సియాచిన్ ప్రాంతంలో ఒక శిఖరం మీది శత్రు స్థావరాన్ని గెలిచి పరమవీర చక్ర పొందిన బాణా సింగ్ అప్పుడు నాయబ్ సుబేదార్. తర్వాత ఆయన కూడా ఆనరరీ కెప్టెన్ అయ్యారు. మూడో ఆయనది సైన్యం కాదు, కేంద్ర సాయుధ పోలీసు బలగం. అక్కడ హోదాలు పోలీసు హోదాలే. 'హెడ్ కానిస్టేబుల్ గారు' అనడం చిన్నతనమని మీకనిపిస్తే, ఆయన ఎక్కడెక్కడ పనిచేసి వచ్చారో ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి అగ్నివీర్‌గా చేరాడు. ఉత్తరం రాస్తే కవరు మీద సిపాయి అనాలా, జవాన్ అనాలా? ఊళ్లోవాళ్లు 'నాలుగేళ్ల కొలువు, దానికీ ఒక హోదానా' అంటున్నారు.
— ఒక తల్లి, ఆర్.కె. పేట

జవాబు: హోదానే అమ్మా. 2022లో వచ్చిన పథకంలో అగ్నివీర్‌ను మిగతావాటి నుంచి వేరుగా ఒక హోదాగానే పెట్టారు. పైన చెప్పిన మురళీ నాయక్ ఆ హోదాలోనే ప్రాణమిచ్చాడు. ఊళ్లోవాళ్లతో ఆ పేరు చెప్పండి చాలు. జవాన్ అన్నది అందరికీ వర్తించే మాట, కవరు మీదికి పనికిరాదు.

కవరు మీద మొదట అబ్బాయి సైనిక నంబరు, తర్వాత అగ్నివీర్ అన్న హోదా, పేరు, యూనిట్, ఆ కింద వాడు పంపిన చిరునామాలో ఉన్నట్టే 'కేరాఫ్ 56 ఏపీఓ' అనో '99 ఏపీఓ' అనో, చివర తొమ్మిదితో మొదలయ్యే పిన్‌కోడు రాయండి. వాడు ఏ ఊళ్లో ఉన్నాడో మీకు తెలిసినా ఆ ఊరి పేరు రాయకూడదు. కవరు లోపల మాత్రం నంబరూ హోదా ఏవీ వద్దు, ఇంట్లో పిలిచే పేరుతోనే మొదలుపెట్టండి.