చేయి చాచాలా, మోచెయ్యి వంచాలా?

ప్రశ్న: టెన్నిస్ ర్యాలీలో నా ఫోర్‌హ్యాండ్ బాగానే పడుతుంది. సర్వీస్ రిటర్న్‌లోనూ, భుజం ఎత్తుకు లేచిన బంతి దగ్గరా గాడి తప్పుతోంది. ఫెదరర్‌లా చేయి చాచి కొట్టడం నేర్చుకోమంటారా?

జవాబు: ఆ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. బంతిని తాకేటప్పుడు ఫెదరర్, నడాల్‌ల మోచెయ్యి దాదాపు నిటారుగా ఉంటుంది. జొకోవిచ్‌ది వంగే ఉంటుంది. 24 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లకు ఆ వంపు అడ్డం రాలేదు. చేయి చాచి కొట్టాలంటే బంతి బాగా ముందు, ఒంటికి దూరంగా దొరకాలి. అందుకు కావలసిన వ్యవధి రిటర్న్‌లో దొరకదు.

మీరు ర్యాలీలో తిప్పినంత పెద్దగా రిటర్న్‌లోనూ చేతిని వెనక్కి తిప్పుతున్నారని నా అనుమానం. భుజాలు తిప్పండి, చాలు. రాకెట్ వాటితోపాటే వెళుతుంది. మోచెయ్యి వీపు వెనక్కి పోనివ్వకండి. వేగం అవతలివాళ్ల సర్వీసే ఇస్తుంది, మీరు బంతిని ఒంటికి ముందు అందుకోవాలంతే. పిడికిలి మరీ బిగిస్తే మణికట్టు బిగుసుకుపోతుంది.

ఎత్తు బంతికి రాకెట్‌ను మొదటి నుంచే పైన ఉంచండి. కిందికి దించి మళ్లీ పైకి లాగబోతే ఆలస్యమై, బంతి ఫ్రేముకు తగులుతుంది. మోచెయ్యిని భుజం దగ్గరిదాకా ఎత్తి, బంతిని ముందుకు కొట్టండి. టాప్‌స్పిన్ కొంచెం తగ్గినా ఫరవాలేదు. తక్కువ ఎత్తు బంతికి చేయి మార్చనక్కర్లేదు, మోకాళ్లు వంచండి.

సాధనకు తోటి ఆటగాడిని సర్వీస్ లైన్ దగ్గర నిలబడి సర్వ్ చేయమనండి. అంత దగ్గరి నుంచి వస్తే చేతిని పెద్దగా తిప్పే వీలే ఉండదు.