వంకలో దొరికిన రాయి ఉద్యోగమిస్తుందా?

వానలు వెనకబట్టి కుశస్థలి ఏరు సన్నబడ్డాక, కార్వేటినగరం చుట్టుపక్కల వంకల్లో ప్రతి ఏడాదీ కొత్త రాళ్ళు బయటపడతాయి. వాటిలో ఒకదాని మీద చెట్టుకొమ్మ అచ్చు దిగినట్టు నల్లటి గీతలున్నాయనుకోండి. కాలేజీ కుర్రాడు మొదట ఫొటో తీస్తాడు. తర్వాత ఇంటికి తెచ్చి బ్రష్షుతో తోమి కడుగుతాడు. ఆపైన “ఇది ఏ శిలాజం సార్?” అని వాట్సాప్‌లో పంపుతాడు. ఈ మూడింటిలో తోమడమే పెద్ద పొరపాటు. రాయిని అంటుకున్న మట్టి, ఇసుక అది ఎక్కడిదో చెప్పే సాక్షులు. వాటిని అతనే కుళాయి కింద పారబోశాడు.

భూగర్భశాస్త్రం చదివినవాళ్ళు ఆ ఫొటో చూసి పేరు చెప్పరు. “ఎక్కడ దొరికింది? పొరలో దిగి ఉందా, ఏటిలో దొర్లుతూ ఉందా?” అని ఎదురడుగుతారు. శిలాజాన్ని గుర్తించడమంటే బొమ్మ చూసి పేరు చెప్పడమని మనం అనుకుంటాం. నిజానికి సగానికి పైగా పని రాయి చిరునామా వెతకడమే. ఈ అలవాటు పట్టుబడినవాళ్ళకే ఈ రంగంలో జీతాలు.

కార్వేటినగరం సంగతే చూద్దాం. ఇక్కడి నేల అడుగున గ్రానైటు జాతి రాళ్ళున్నాయి. నగరి కొండల తలలు క్వార్ట్జైట్‌వి. వంద కోట్ల ఏళ్ళకు పూర్వం నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఆ రాయి అయింది. కొన్ని పలకల మీద అలలు గీసిన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. చేప పొలుసులని జనం పొరబడేది వాటినే. ఆ ఇసుక పేరుకునేనాటికి చేపలు లేవు, ఎముకలున్న ప్రాణే లేదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద గ్రానైటు పైన క్వార్ట్జైట్ కూర్చున్న చోటును భారత భూగర్భ సర్వే సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ రెండు రాళ్ళ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ళ కాలం జాడ లేకుండా పోయింది. బస్సులో కునుకు తీస్తూ మనం దాన్ని దాటిపోతాం.

కాబట్టి క్వార్ట్జైట్ మీద నల్లటి కొమ్మలు కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది డెండ్రైట్‌నే. రాతి పగుళ్ళలోకి దిగిన నీరు మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లను కొమ్మల ఆకారంలో వదిలిపెడుతుంది. నిజమైన ఆకుకు నడి ఈనె ఉంటుంది, అంచు ఉంటుంది, ఒక కొలత ఉంటుంది. డెండ్రైట్ పగులు పొడవునా సిరా పాకినట్టు పాకుతుంది. మన నల్లరేగడిలో, ఏటి మట్టిలో పేరుకునే సున్నపు గడ్డలదీ ఇదే తంతు. విరిగిన ఎముకల్లా కనిపించి ఆశ పెడతాయి. ఎముకైతే విరిచినచోట లోపల స్పాంజి కన్నాలుంటాయి. పాత ఎముక నాలుకకు అంటుకుంటుందని ఫీల్డువాళ్ళు నాకి చూస్తారు. అది వాళ్ళ అలవాటు, మీరు దాని జోలికి పోకండి.

అలాగని నిరాశపడే ఊరు కాదిది. ఏరు తన రాళ్ళతో పాటు తన మట్టినీ మోస్తుంది, ఆ మట్టి వయసు వేరు. ఇదే కుశస్థలి తమిళనాడులోకి దిగి కొసస్థలైయార్ అవుతుంది. దాని ఒడ్డున అత్తిరంపాక్కం దగ్గర 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ రాతి పనిముట్లు కనుగొన్నారు. అక్కడే తర్వాత జరిగిన తవ్వకాల్లో అతి పాత పనిముట్ల వయసు సుమారు 15 లక్షల ఏళ్ళని 2011లో ప్రకటించారు. వాటితో పాటు జంతువుల శిలాజ దంతాలూ దొరికాయి. తూర్పున సత్యవేడు పొరలైతే డైనోసార్ల కాలంనాటివి. ఎర్రటి ఇసుకరాళ్ళు, గులకరాళ్ళ పొరలున్న ఆ ప్రాంతంలో ఆకు అచ్చు దొరికితే అది నిజమైన ఆకే కావచ్చు. క్వార్ట్జైట్ మీది కొమ్మకూ దీనికీ ఫొటోలో తేడా తెలియకపోవచ్చు, చిరునామాతో తెలుస్తుంది.

ఏటి ఒడ్డున శిలాజాలు ఏరుకోవడం మనకు కొత్త కాదన్న మాట కూడా చెప్పుకోవాలి. పూజగదిలోని సాలగ్రామం నేపాల్ గండకీ నదిలో దొరికే అమ్మోనైట్ శిలాజం. లోపలి చక్రం ఒకప్పటి సముద్రజీవి గుల్ల.

ఇక ఉద్యోగాల సంగతి. ‘శిలాజాలు గుర్తించే అధికారి’ అన్న పోస్టు ఎక్కడా ఉండదు, ఆ ఆశతో చేరితే నష్టపోతారు. చేరాల్సింది భూగర్భశాస్త్రంలో. శిలాజశాస్త్రం అందులో ఒక గది. డిగ్రీలో జియాలజీ ఉన్న కాలేజీలు తక్కువ. ఇంటర్ అయ్యాక ఊరికి దగ్గరని కాకుండా సబ్జెక్టు ఉందా లేదా అని చూసి చేరాలి. ఎమ్మెస్సీకి తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం, కడప యోగి వేమన విశ్వవిద్యాలయం చిత్తూరు పిల్లలకు అందుబాటులో ఉన్నాయి. వాటికి దారి ఏపీ పీజీసెట్. ఐఐటీల్లో చదవాలంటే జామ్ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి.

అందరూ గురిపెట్టేది యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష. 1851లో మొదలైన భూగర్భ సర్వే సంస్థలో గ్రూప్-ఎ జియాలజిస్టులను దీని ద్వారానే తీసుకుంటారు. భూగర్భ జల బోర్డుకూ ఇదే దారి. వయసు 21 నుంచి 32 దాకా, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. ప్రిలిమ్స్ 400 మార్కులు, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200. మొదటి మూలవేతనం 56,100 రూపాయలు. మెయిన్స్ సిలబస్‌లో శిలాజశాస్త్రానికి విడిగా ఒక భాగముంది. చాలామంది దాన్ని లాటిన్ పేర్ల బండ అని వదిలేస్తారు. ఏట్లో రాళ్ళు ఏరినవాడికి అది బండ కాదు, అక్కడ అతనికి నాలుగు మార్కులు ఎక్కువొస్తాయి.

డబ్బు మాటకొస్తే డైనోసార్ పేరు తెస్తుంది, ఫొరామినిఫెరా జీతం తెస్తుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు బావి తవ్వేటప్పుడు రాతి పొడి పైకొస్తుంది. ఆ పొడిలో ఆవగింజకన్నా చిన్న ఫొరామినిఫెరా గుల్లలుంటాయి. వాటిని సూక్ష్మదర్శిని కింద చూసి, ఏ జాతివో పట్టుకుంటే డ్రిల్లు ఏ కాలపు పొరలోకి దిగిందో తెలుస్తుంది. ఎంత పెద్ద ఎముకైనా ఆ డ్రిల్లు కింద పిండే, చిన్న గుల్ల మాత్రం చెక్కుచెదరకుండా వస్తుంది. బొగ్గు పొరల వయసు పోల్చడానికి పుప్పొడి శిలాజాలు పనికొస్తాయి. కళ్ళు కాయలు కాచే పని ఇది. ఓపిక లేనివాళ్ళు దూరంగా ఉండటమే మేలు.

పరిశోధన వైపు వెళ్ళేవాళ్ళకు సీఎస్ఐఆర్ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ ఉంది. జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ మొక్కల శిలాజాలకు పుట్టిల్లు. కోల్‌కతా భారత గణాంక సంస్థ జియాలజీ విభాగం వాళ్ళు ప్రాణహిత–గోదావరి లోయలో తవ్వి తెచ్చిన డైనోసార్ ఎముకలకు 1975లో బారాపసారస్ అని పేరు పెట్టారు. అదే లోయలో దొరికిన మరో పొడుగు మెడ డైనోసార్‌కు భూగర్భ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో కోటాసారస్ యమన్‌పల్లిఎన్సిస్ అని పేరు పెట్టారు. తెలుగు ఊరి పేరు ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కింది. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. హైదరాబాద్ వెళ్తే చార్మినార్‌కన్నా ముందు దాన్ని చూడండి.

ఇంకా పదో తరగతో ఇంటరో చదువుతున్నవాళ్ళు ఇప్పటినుంచే చేయగల పని ఒకటుంది. వంకలో ఏదైనా వింతరాయి కనిపిస్తే ముట్టుకోకముందే పక్కన రూపాయి బిళ్ళ పెట్టి ఫొటో తీయండి. కాస్త దూరం జరిగి ఒడ్డంతా పడేలా మరొకటి తీయండి. ఫోన్‌లో లొకేషన్, తేదీ రాసుకోండి. నీటిమట్టానికి ఎంత ఎత్తున ఉంది, పైన ఏ పొర, కింద ఏ పొర అన్నది కూడా రాయండి. పొరలో దిగి ఉంటే పెకలించకండి. దొర్లుతున్న రాయైతే కడగకుండా పాత పేపర్లో చుట్టి, లోపల ఒక చీటీ పెట్టండి. నోట్‌బుక్‌లో అదే నంబరు వేయండి. తర్వాత తిరుపతిలో విశ్వవిద్యాలయం జియాలజీ విభాగానికి తీసుకెళ్ళండి. అక్కడ “ఎక్కడ దొరికింది?” అని అడిగితే నోరు వెళ్ళబెట్టకుండా నోట్‌బుక్ తెరిచి ముందు పెట్టండి.