ప్యాకేజీ అంకె చెప్పని సంగతులు

క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో వినిపించే ప్యాకేజీ అంటే సంస్థ ఒక ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. చేతికొచ్చే జీతం వేరు. ఏడాదికి 6 లక్షల ప్యాకేజీ అంటే లెక్కకు నెలకు 50,000 రూపాయలు. అందులో సగం, 25,000, బేసిక్ అనుకుంటే 12 శాతం చొప్పున సంస్థ కట్టే భవిష్య నిధి (పీఎఫ్) 3,000, ఉద్యోగి వాటా మరో 3,000. గ్రాట్యుటీ కింద పక్కన పెట్టేది సుమారు 1,200. వృత్తి పన్ను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 200. పది శాతం వేరియబుల్ పే ఉంటే ఇంకో 5,000 పక్కకు పోతుంది; అది పనితీరును, సంస్థ లాభాలను చూసి తర్వాత ఇచ్చేది. ఆదాయపు పన్ను లేదనుకున్నా నెలనెలా ఖాతాలో పడేది 37,600. కొన్ని సంస్థలు 15,000 పరిమితి మీదే పీఎఫ్ లెక్కగట్టి చెరో 1,800తో సరిపెడతాయి, అప్పుడు చేతికి కాస్త ఎక్కువ వస్తుంది. పీఎఫ్ పోయే డబ్బేమీ కాదు. కానీ హైదరాబాద్ మాదాపూర్‌లో హాస్టల్ అద్దె దానితో కట్టలేరు.

జీతం తర్వాత తేల్చుకోవాల్సింది పనివేళలు. నియామక పత్రంలో సాధారణంగా వ్యాపార అవసరాలను బట్టి ఏ షిఫ్టులోనైనా పనిచేయాలన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఐటీ సంస్థల్లో అసలు సంగతి ప్రాజెక్టు వచ్చాక, క్లయింటు ఏ దేశంలో ఉన్నాడో చూస్తేనే తెలుస్తుంది. బ్రిటన్‌లో ఉదయం తొమ్మిది అయ్యేసరికి ఇక్కడ చలికాలంలో మధ్యాహ్నం 2.30, వేసవిలో 1.30. న్యూయార్క్ ఆఫీసు తెరిచేసరికి రాత్రి 7.30 లేదా సాయంత్రం 6.30. కాలిఫోర్నియా అయితే రాత్రి 10.30 లేదా 9.30. బ్రిటన్ షిఫ్టువాళ్లకు ఇంట్లోవాళ్లతో కలిసి రాత్రి భోజనం కుదరదు గానీ నిద్ర దక్కుతుంది. కాలిఫోర్నియా వేళల పని తెల్లవారాకే ముగుస్తుంది. ఆ ఉద్యోగి నడుం వాల్చే సమయానికి అపార్ట్‌మెంట్‌లో మిక్సీలు, కింద స్కూలు బస్సుల హారన్లు మొదలవుతాయి. రాత్రి షిఫ్టును మనుషుల్లో బహుశా క్యాన్సర్‌కు కారకం కాగల వాటిలో ఒకటిగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో వర్గీకరించింది, 2019లో అదే మాట మళ్లీ చెప్పింది. ఆ వర్గీకరణ ఆధారాల బలాన్ని సూచిస్తుందే తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. అయినా ఒకే ప్యాకేజీ ఉన్న రెండు ఆఫర్లలో ఒకటి పగటి పని, ఒకటి రాత్రి పని అయితే అవి రెండూ సమానం కావు.

ఎన్ని గంటలన్నది మరో లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తప్రసరణ తగ్గే జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. రోజుకు పది గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే ఆ గీత దాటినట్టే. బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధిగా కాక, పనికి సంబంధించిన పరిస్థితిగానే గుర్తించింది. దాని లక్షణాలు మూడు: శక్తి అంతా హరించుకుపోవడం, పని మీద విముఖత, తన పనితనం తగ్గిందనిపించడం. మూలం పని తీరులో ఉన్నప్పుడు, ధ్యానం యాప్ పంచి చేతులు దులుపుకొనే సంస్థ సమస్యను ఉద్యోగి మీదికే నెట్టినట్టు. మాట్లాడేందుకు మనిషి కావాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరు ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

2020 మార్చిలో కోవిడ్‌తో ఒక్కసారిగా వచ్చిన ఇంటి నుంచి పని ఇప్పుడు చాలాచోట్ల వారంలో కొన్ని రోజులు ఆఫీసు, మిగతావి ఇల్లు అన్న పద్ధతిలో స్థిరపడింది. పిల్లలున్నవారికి, సొంత ఊళ్లో తల్లిదండ్రులను చూసుకునేవారికి ఇది వరమే. కొత్తగా చేరినవారి సంగతి వేరు. పక్క సీటులో సీనియర్ ఒక పొరపాటును ఎలా పట్టుకుంటున్నాడో, క్లయింటుకు కాదని ఎలా చెబుతున్నాడో చూసి నేర్చుకునేది తెర మీద అందదు. మొదటి ఒకటి రెండేళ్లు ఆఫీసుకు వెళ్లడమే లాభం. ఇంటి నుంచి పనిలో పనివేళలు సాగిపోవడమూ ఉంది. పనివేళల తర్వాత ఫోను ఎత్తకుండా ఉండే హక్కును ఫ్రాన్స్ 2017 నుంచి చట్టంలో చేర్చింది. భారత్‌లో ప్రైవేటు మెంబరు బిల్లులు వచ్చినా అవి చట్టం కాలేదు.

తెలుగు యువతలో విడిగా చెప్పుకోవాల్సిన ఒత్తిడి ఒకటుంది. ఫేక్ ఎక్స్‌పీరియన్స్‌తో చేరి, రోజూ రాత్రి మరొకరికి డబ్బిచ్చి పని చేయించుకునే ‘జాబ్ సపోర్ట్’ వ్యవహారం హైదరాబాద్ అమీర్‌పేట చుట్టూ తెలియనిది కాదు. సంస్థలు పీఎఫ్ ఖాతా సంఖ్య (యూఏఎన్) ద్వారా పాత ఉద్యోగాల చరిత్రను సరిచూస్తున్నాయి. దొరికితే ఉద్యోగం పోతుంది. దొరకకపోయినా, ప్రతి మీటింగులో ఏ ప్రశ్న వస్తుందోనన్న బెంగతో గడిపే ఏళ్లకు జీతం సరిపోదు. ఫ్రెషర్‌గా తక్కువ జీతానికి చేరడం ఇంతకంటే చవక.

ఇంటర్వ్యూ చివర అడగడానికేమైనా ఉందా అంటే చాలామంది లేదని లేచి వచ్చేస్తారు. షిఫ్టు ఏది, వారాంతంలో కాల్స్ ఉంటాయా, ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద ఎన్నాళ్లు ఉంచుతారు, క్యాబ్ ఉందా అని అప్పుడే అడగవచ్చు. అక్కడ దాటవేస్తే, ఆ టీములో ఉన్న కాలేజీ సీనియర్‌కు ఒక ఫోన్ చేస్తే సంగతి తెలిసిపోతుంది. షిఫ్టు, క్యాబ్ గురించి అడగడానికి మొహమాటం అక్కర్లేదు: మహిళలను రాత్రి పనిలో పెట్టాలంటే వారి సమ్మతి, భద్రత ఏర్పాట్లు ఉండాలని చట్టమే చెబుతోంది.

సంతకానికి ముందు బాండ్, నోటీస్ పీరియడ్ షరతులు చదవాలి. బాండ్ చెల్లదన్న ధీమా పనికిరాదు: మూడేళ్లలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఉద్యోగులందరికీ నియామక పత్రం ఇవ్వాలి. రాజీనామా చేసినా, తొలగించినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. మానేసేటప్పుడు ల్యాప్‌టాప్ అప్పగించిన రసీదు, చివరి పేస్లిప్, రిలీవింగ్ లెటర్ సొంత మెయిల్‌లో దాచుకోవాలి. ఆఫీసు మెయిల్ ఆ సాయంత్రమే మూసేస్తారు.